గుట్ట పచ్చబడింది, మళ్లీ వచ్చి చూశామా?



వానలు మొదలవగానే బొగ్గుబావుల చుట్టుపక్కల సేవ చేసే మా వంటి కాపరులకు ఒక పిలుపు వస్తుంటుంది. "అయ్యగారూ, ఓసీ గుట్ట మీద మొక్కలు నాటుతున్నాం, వచ్చి ప్రార్థన చేసి పోండి" అంటారు. సంతోషంగా వెళ్తాం. మొక్క నాటే చేతిని దీవించడానికి ఏ కాపరి వెనకాడతాడు? అయితే ఆ ప్రార్థనలో ఇంకో మాట కూడా కలపమంటారు. పాడైన నేలను దేవుడు బాగుచేసి తిరిగి ఇచ్చినందుకు స్తోత్రం చెప్పమంటారు. ఆ మాట దగ్గర మేము ఆగుతాం. నాటిన రోజు చేసే ప్రార్థన వేరు, నేల బాగుపడిందని సంఘం ముందు సాక్ష్యం చెప్పడం వేరు. సాక్ష్యం చెప్పాలంటే చూసి ఉండాలి. జోరు వానల్లో చూసి ఉండాలి, ఎండాకాలం గడిచాక మళ్లీ చూసి ఉండాలి.

దుబాయ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉండి ఇది చదివే మన పిల్లల కోసం కొంచెం వెనక్కి వెళ్తాం. ఓసీ అంటే ఇక్కడ కులం పేరు కాదు, ఓపెన్‌కాస్ట్ గని. ఇల్లందు దగ్గర 1871లో బొగ్గు బయటపడింది. ఆ తర్వాత చాలా కాలం మన తాతలు దిగింది భూగర్భ బావుల్లోకే. 1975లో రామగుండంలో ఓసీ తవ్వకం మొదలైంది. ఇప్పుడు మన గోదావరి లోయలో తీసే బొగ్గులో చాలా భాగం ఓసీలదే. బొగ్గు పొర మీద ఉన్న మట్టి, మొరం, ఇసుకరాయి అంతా పేల్చి, తవ్వి, డంపర్లతో తెచ్చి ఒకచోట పోస్తారు. దాన్ని వాళ్లు ఓబీ అంటారు, మనం మట్టి గుట్ట అంటాం. గట్టి రాయిని పగలగొట్టి పోస్తే అది మునుపటికంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. గొయ్యిని కొంత పూడ్చినా గుట్ట మిగిలిపోవడానికి అదొక కారణం.

దేవుడు నిలిపిన కొండ యుగాల వానలకు తడిసింది. జారవలసినదంతా ఎప్పుడో జారిపోయి మిగిలినది నిలబడింది. ఈ గుట్ట నిన్నమొన్న డంపర్లు పోసినది. లోపల సందులున్నాయి, ఇంకా సర్దుకుంటూనే ఉంది. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కుంగుతుంది. దాని మీద పచ్చని చెట్లు లేచినంత మాత్రాన లోపలి పని ముగిసిపోదు.

లేవీయకాండము 14వ అధ్యాయం రెండో సగాన్ని ఆదివారం ప్రసంగానికి సాధారణంగా ఎవరూ తీసుకోరు. ఇంటి గోడకు తెగులు పడితే ఏం చేయాలో అక్కడ ఉంది. సెమినరీలో కూడా ఆ పాఠం గబగబా దాటిపోయింది. గుట్టల నీడన సేవ చేస్తూ చదివితే అది మన కోసమే రాసినట్టు అనిపిస్తుంది. మొదట ఇంటివాడు వెళ్లి యాజకుడికి చెప్పాలి. యాజకుడు వచ్చి చూస్తాడు. రంగు ఒక్కటే చూసి ఊరుకోడు, ఆ చార గోడ పైమట్టం కంటే లోతుకు దిగిందా అని చూస్తాడు. ఇల్లు ఏడు రోజులు మూయించి మళ్లీ వస్తాడు. తెగులు పాకి ఉంటే ఆ రాళ్లు ఊడదీయించి, గోడలు గీకించి, ఆ మట్టిని ఊరి బయట పోయిస్తాడు. కొత్త రాళ్లు పెట్టి కొత్త పూత పూస్తారు.

మనమైతే అక్కడ రిబ్బన్ కత్తిరించి ఫొటో దిగుతాం. ధర్మశాస్త్రం అక్కడ ఆగలేదు. పూత వేశాక యాజకుడు ఇంకోసారి రావాలి. ఆ కొత్త పూత మీద తెగులు తిరిగి కనబడకపోతేనే ఇల్లు పవిత్రమని చెప్పాలి. తిరిగి వస్తే ఇల్లు పడగొట్టాలి. అన్నట్టు, ఆ తెగులుకు చెప్పిన రంగుల్లో పచ్చదనం కూడా ఒకటి. చదివినప్పుడల్లా మాకు గుట్టలే గుర్తొస్తాయి.

గుట్టను చూడటానికి వెళ్లినవాళ్లు ముందు చెట్ల వైపు చూస్తారు. మా అభిప్రాయంలో ముందు నీళ్ల వైపు చూడాలి. గుట్ట పాదం చుట్టూ దండలాగా ఒక కాలువ తవ్వుతారు. గార్లాండ్ డ్రెయిన్ అని దానికి పేరు. కాలువకు లోపలి వైపు పాదం వెంట రాతి గోడ కడతారు. కాలువ నీళ్లు నేరుగా వాగులోకి పోకుండా ముందు ఒక కుంటలో నిలవాలి, అక్కడ మట్టి అడుగుకు దిగాలి, తేటనీరు మాత్రమే బయటికి పోవాలి. కాగితం మీద ఇవన్నీ ఉంటాయి. మే నెలలో వెళ్లి చూస్తే కాలువ ఉందా లేదా అన్నది మాత్రమే తెలుస్తుంది. జూలైలో రెండు పెద్ద వానలు పడ్డాక వెళ్తే అది పనిచేస్తుందా లేదా తెలుస్తుంది. పోయినేటి మట్టితో సగం పూడిన కాలువ కాలువ కాదు, అది గుట్ట పాదాన్ని నానబెట్టే మడుగు. రాతి గోడలో నీళ్లు కారడానికి వదిలిన రంధ్రాలు మూసుకుపోతే వెనక నీళ్లు నిలిచి గోడనే తోసేస్తాయి. తొలకరి తర్వాత వాగు నీళ్లు ఏ రంగులో ఉన్నాయో, కింది పొలాల్లో మట్టి మేట వేసిందో లేదో చూస్తే కుంట సంగతి కూడా తెలుస్తుంది.

గుట్టను మెట్లు మెట్లుగా పోస్తారు. ఆ మెట్టును బెంచి అంటారు. బెంచి కొంచెం లోపలికి వాలి ఉండాలి. అప్పుడే వాననీళ్లు అంచు మీదుగా దూకకుండా లోపలి కాలువలోకి వెళ్లి, కట్టిన తూముల్లోంచి కిందికి దిగుతాయి. బయటికి వాలిన బెంచి మీద నీళ్లు అంచు దాటి కిందికి దూకుతాయి. మొదటి ఏడు వేలంత చార పడుతుంది, మూడో ఏటికి మనిషి దిగేంత ఒర్రె అవుతుంది. గోడ మట్టం కంటే లోతుకు దిగిన చార అంటే ఇదే కదా అనిపిస్తుంది. ఆ చారలో మొక్కలు నాటితే చార పోదు. పైన నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతికి దారి మళ్లించాలి.

ఇక వాలు. 2017 బొగ్గుగనుల నిబంధనల ప్రకారం పోసిన మట్టి వాలు ఎట్టి పరిస్థితుల్లోనూ 37.5 డిగ్రీలు దాటకూడదు. గుట్ట ఎత్తు 30 మీటర్లు మించితే బెంచీలు చేయాలి, ఏ బెంచీ 30 మీటర్లకు మించకూడదు. పర్యావరణ అనుమతి పత్రాల్లో గుట్ట మొత్తం వాలు 28 డిగ్రీలు దాటకూడదన్న షరతు తరచుగా కనిపిస్తుంది. మామూలు లెక్కలో చెప్పాలంటే, ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి దాదాపు రెండు అడుగులు ముందుకు నడవాల్సిన వాలు అది. కొలవడానికి సర్వేయర్లున్నారు, వాళ్ల పనిముట్లున్నాయి. కానీ కళ్లున్న ఎవరైనా చూడగలిగినవి కూడా ఉన్నాయి. గుట్ట పైన అంచుకు సమాంతరంగా నెర్రెలు పడ్డాయా? నెర్రెకు ఒక వైపు నేల రెండో వైపు కంటే కిందికి దిగిందా? గుట్ట పాదం దగ్గర నేల ఉబ్బిందా? నిటారుగా ఉండాల్సిన చెట్లు ఒకే వైపుకు ఒరిగాయా? మొదలు దగ్గర వంగి, పైకి మళ్లీ నిటారుగా పెరిగిన చెట్టు కనబడితే దాని కింద నేల మెల్లగా కదులుతోందేమో అని అనుమానించాలి. వాన ఆగిన చాలా రోజులకు కూడా వాలు మధ్యలో ఊట కారుతోందా? గుట్టను ఎండిన గట్టి నేల మీద పోశారా, పాత కుంట మీదో ఒర్రె మీదో పోశారా? ఈ ఆఖరి ప్రశ్నకు జవాబు ఊళ్లో ముసలివాళ్ల దగ్గర ఉంటుంది.

నీళ్లకు ఇంత ప్రాధాన్యం ఎందుకిస్తున్నామంటే, మట్టి రేణువులు ఒకదాన్నొకటి ఒత్తి పట్టుకుని ఉండటం వల్లనే వాలు నిలబడుతుంది. సందుల్లో నీళ్లు నిండితే ఆ పట్టు సడలుతుంది. చెట్ల వేళ్లు పై మీటరో రెండు మీటర్లో మట్టిని పట్టి ఉంచుతాయి, అది గొప్ప మేలే. ఇరవై మీటర్ల లోతున తడిసి జారే పొరను అవి ఆపలేవు. జారితే చెట్లతో సహా జారుతుంది.

వేల్స్ అనగానే మనకు 1904 ఉజ్జీవం, ఈవాన్ రాబర్ట్స్ గుర్తొస్తారు. ఆ ఉజ్జీవంలో రాత్రంతా ప్రార్థించినవాళ్లలో బొగ్గు కార్మికులు ఎందరో. అదే వేల్స్‌లో అబర్‌ఫాన్ అనే బొగ్గు ఊరుంది. ఊరి పైన కొండ మీద గని వ్యర్థాలను గుట్టలుగా పోశారు. ఏడో గుట్టను 1958లో మొదలుపెట్టారు, అది నీటి ఊటల మీద లేచింది. ఆ ఊటలు పటాల్లో కూడా ఉన్నాయి. 1963లోనే స్థానిక ఇంజినీరు బడి వెనక పోస్తున్న బురద గురించి ప్రమాదమని రాశాడు. 1966 అక్టోబరు 21, శుక్రవారం ఉదయం 9:15కు, రోజుల తరబడి వానల తర్వాత ఆ గుట్ట జారి కింది బడి మీద పడింది. 144 మంది పోయారు, వారిలో 116 మంది పిల్లలు. శవాలను ఉంచింది బెతానియా అనే ప్రార్థనా మందిరంలో. తల్లిదండ్రులు వరుసలో నిలబడి తమ పిల్లలను గుర్తుపట్టింది ఆ మందిరంలోనే. ఆ మందిరపు కాపరి స్థానంలో తనను నిలబెట్టుకుని చూడని సేవకుడు ఉండడనుకుంటాం. 1967లో విచారణ సంఘం బాధ్యతను జాతీయ బొగ్గు బోర్డు మీద ఉంచింది. గుట్టలను ఎలా పోయాలి, ఎవరు చూడాలి అన్న విధానమే లేదని తేల్చింది.

మన గుట్టలు అచ్చం అలాంటివని చెప్పడం లేదు. అక్కడ ఏడో గుట్టలో బొగ్గు శుద్ధి చేయగా మిగిలిన సన్నని బురద కూడా పోశారు. మన దగ్గర ఎక్కువగా ఇసుకరాయి, బంకమట్టి. భయపెట్టడం మా ఉద్దేశం కాదు. కానీ మన దేశంలోనే, 2016 డిసెంబరు 29న జార్ఖండ్‌లోని రాజ్‌మహల్ ఓసీలో గుట్ట జారి 20 మందికి పైగా కార్మికులు చనిపోయారు. మూతపడ్డ గుట్ట సంగతి వేరు అంటారా? 2020 ఫిబ్రవరిలో వేల్స్‌లోనే టైలర్స్‌టౌన్ దగ్గర దశాబ్దాల కింద వదిలేసిన గుట్ట తుఫాను వానకు జారింది. ప్రాణాలు పోలేదు, దేవునికి స్తోత్రం. ఆ తర్వాత లెక్క తీస్తే ఆ చిన్న దేశంలో సుమారు 2,500 పాత బొగ్గు గుట్టలు తేలాయి. వాటి మీద కన్నేసి ఉంచడానికి 2025లో ప్రత్యేక చట్టం చేసుకున్నారు. అబర్‌ఫాన్ తర్వాత యాభై తొమ్మిదేళ్లకు కూడా వాళ్లు మళ్లీ వెళ్లి చూస్తున్నారు.

చెట్ల విషయానికి వస్తాం. నాటిన మొక్కల సంఖ్య మీద మాకు పెద్దగా ఆసక్తి లేదు. అది నర్సరీ లెక్క. మూడు ఎండాకాలాలు ట్యాంకరు నీళ్లు లేకుండా నిలిచినవి ఎన్ని అన్నదే లెక్క. గుట్ట మీద వరుసల్లో ఒకే వయసు నీలగిరో సుబాబులో నిలబడి, వాటి కింద నేల బోడిగా, ఎర్రగా ఉంటే, రోడ్డు మీంచి చూసేవాడికి అది అడవి. వాన చినుకుకు అది ఉత్త నేలే. చినుకు దెబ్బను ఆపేది గడ్డి, రాలిన ఆకు, పొదలు. అందుకే ముందు స్టైలో వంటి గడ్డి, వట్టివేరు వేసి, ఆ తర్వాత వేప, కానుగ, వెదురు వంటివి పెంచితే నేల నిలుస్తుంది. తవ్వకం మొదట్లో తీసి పక్కన పెట్టిన పైమట్టి ఏమైందని కూడా అడగాలి. ఆ జానెడు మట్టిలోనే విత్తనం, పురుగు, బూజు, ప్రాణం అంతా ఉంది. ఏళ్ల తరబడి ఎత్తుగా పోగుపోసి ఉంచితే అదీ చచ్చిపోతుంది. మాకు నచ్చిన గుర్తులు చిన్నవి. ఎవరూ నాటని మొక్క మొలిచిందా? నాటిన చెట్టు కింద దాని గింజతో పిల్లమొక్క లేచిందా? చీమల పుట్టలున్నాయా? ఆకులు పక్కకు తీస్తే కింద నేల నల్లబడిందా?

ప్రభుత్వం ఇచ్చే పర్యావరణ అనుమతుల్లో ఒక షరతు తరచుగా ఉంటుంది. బాగుచేసిన నేల మీద పచ్చదనం తనంతట తాను నిలిచే స్థితికి వచ్చేదాకా పర్యవేక్షణ సాగాలని. ఎన్ని సంవత్సరాలని అందులో గడువు లేదు, నిలిచేదాకా అంతే. అధికారుల భాషలో ఉన్నా, మాకది లేవీయకాండము చదివినవాడు రాసినట్టే ఉంది. ఇంకో సంగతి మన సంఘస్థులు తెలుసుకోవాలి. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రతి ప్రాజెక్టు యాజమాన్యం ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలు మీద నివేదిక ఇవ్వాలి. అవి బహిరంగ పత్రాలు, అడిగినవారికి ప్రతి ఇవ్వాలి. డబ్బు కూడా ఉంది. 2009లో బొగ్గు మంత్రిత్వ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఓసీకి హెక్టారుకు 6 లక్షల రూపాయల చొప్పున, అప్పటి ధరల్లో, మూసివేత ఖర్చు కింద ఎస్క్రో ఖాతాలో జమ చేయించాలని పెట్టారు. పని జరిగిందని తనిఖీ చేశాకే ఆ డబ్బు తిరిగి ఇవ్వాలి. అంటే తనిఖీ చేసినవాడి సంతకం మీద డబ్బు కదులుతుంది. ఆ సంతకం తేలికగా పడకూడదు.

"అయ్యగారూ, ఇది ఆత్మీయ సంగతి కాదు, మనకెందుకు?" అనేవాళ్లున్నారు. మరికొందరు ఇంకా లోతైన మాట అంటారు: మన ఇళ్లలో పొయ్యి వెలిగేది బొగ్గు జీతంతోనే కదా అని. నిజమే. ఈ ప్రాంతంలో మందిరాల పైకప్పుల్లో ఎన్నో కార్మికుల కానుకలతో పడ్డవే. గని మీద మాకు కోపం లేదు, తవ్వవద్దని ప్రచారం చేయడం లేదు. బొందలగడ్డ అని ఊరికే తిట్టి పోవడం కూడా మాకు ఇష్టం లేదు, ఆ తిట్టుతో ఒక్క ఒర్రె కూడా పూడదు. గుట్ట కింద చౌకగా దొరికిన జాగాలో రేకుల ఇల్లు వేసుకున్నవాడు కూడా మన సంఘస్థుడే, గుట్ట మీద డంపరు నడిపేవాడూ మన సంఘస్థుడే. ఇద్దరికీ ఒకే రకం గుట్ట కావాలి, నిలబడేది.

మన యువకుల్లో మైనింగ్ డిప్లొమా చదివి ఓవర్‌మెన్‌గా, సర్వేయర్లుగా ఉన్నవాళ్లున్నారు. వాళ్లకు ఒక మాట. నెర్రె కనబడితే రిజిస్టరులో నెర్రె అనే రాయండి. ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఏ తేదీ అని రాయండి. రెండు వైపులా మేకులు కొట్టి వారం తర్వాత మళ్లీ కొలవండి. పైవాడు చిరాకుపడవచ్చు. ఆదివారం మీరు పాడే పాట కంటే ఆ రిజిస్టరులోని వరుస దేవునికి తక్కువ ప్రియమైనదని మేము అనుకోం.

సంఘంగా మేము అనుకుంటున్నది ఇది. నాటే రోజు పిలిస్తే వెళ్తాం, మొక్క కోసం, నాటిన కూలీ అక్కల కోసం, వానల కోసం ప్రార్థిస్తాం. నేల తిరిగి వచ్చిందన్న కృతజ్ఞతా ప్రార్థన మాత్రం మూడు వానాకాలాలు చూశాకే. జూన్ నివేదిక ప్రతి కోసం పంచాయతీ తరఫున దరఖాస్తు పెట్టించి, అందులో పూడిక తీశామని రాసిన కాలువ దగ్గరికి ఆగస్టులో అనుమతి తీసుకుని అధికారులతో కలిసి వెళ్లాలి. ఎవరూ సొంతంగా తడిసిన వాలు ఎక్కవద్దు, నీళ్లు నిండిన పాత గొయ్యి దగ్గరికి పిల్లలను అసలే పోనివ్వవద్దు. పాదం దగ్గర నిలబడి, వాగు గట్టున నిలబడి చూడగలిగినదే చాలా ఉంది.

వెళ్లేటప్పుడు పెద్దలను, చదువుకున్నవాళ్లను పిలవడం అందరికీ గుర్తుంటుంది. గుట్ట పక్కన మేకలు కాసేవాళ్లను కూడా పిలవండి. ఏ బెంచీ మీద వాన తర్వాత ఎన్నాళ్లు నీళ్లు నిలుస్తాయో, ఏ మూల గడ్డి ఎండాకాలంలో కూడా తడిగా ఉంటుందో, పోయినేడు లేని సందులో ఈ ఏడు మేకపిల్ల ఎక్కడ ఇరుక్కుందో వాళ్లకు తెలుసు. నివేదిక చేతిలో పట్టుకున్న అధికారిని వాళ్లతో పాటు ఒక గంట నడిపించండి.